తమ్ముడి చూపు గురించి

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోనులో నువ్వడిగిన దానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. కంటి పరీక్షలో చూపు 6/6, అంటే లోపం లేదని తేలినా తమ్ముడు బోర్డు మీది అక్షరాలు తప్పుగా ఎందుకు ఎక్కించుకుంటున్నాడని, అది చదువు ఎగ్గొట్టే ఎత్తు కాదా అని అడిగావు. నేనూ ఏడాదిపాటు అలాగే అనుకున్నాను. కళ్ళజోడు కోసం రెండు చోట్లకు తిప్పాను. ఒకసారి చెయ్యి కూడా చేసుకున్నాను.

వాడికి ఉన్న స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి అంటే లేని మాటలు వినిపించడమేనని మనం అనుకునేవాళ్ళం. 13 ఏళ్ళ లోపు అది రావడం చాలా అరుదు. వచ్చిన పిల్లల్లో లేనివి కనిపించడం కూడా పెద్దవారిలో కంటే ఎక్కువ. అయితే నేను రాస్తున్నది దాని గురించి కాదు, ఎదురుగా ఉన్నదే సరిగా కుదురుకోకపోవడం గురించి. కన్ను తన పని తాను చేస్తుంది. అది పంపిన ముక్కలను కూర్చి ఒక రూపంగా నిలబెట్టవలసింది మెదడు, తడబాటు అక్కడ.

ధనుర్మాసంలో మీ అమ్మ వాకిట్లో చుక్కల ముగ్గు వేసింది. మనకు చూడగానే తామరపువ్వు. వాడు మాత్రం చుక్కలు తప్పు లేకుండా లెక్కపెట్టి, ఏ గీత ఎక్కడ వంగిందో వేలితో చూపించాడు. పువ్వు ఏదిరా అంటే చాలాసేపు వెతికాడు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న గీతల నడుమ దాగిన వలయాన్ని కనిపెట్టమనే పరీక్ష ఒకటి ఉందని, ఈ వ్యాధి ఉన్నవారు అందులో వెనకబడతారని తరవాత తెలిసింది. వెలిసిన సుద్దరాతలు, మసక వెలుతురులో మెట్ల అంచులు వంటి, పక్కదానితో కలిసిపోయే వాటిని విడదీసి చూడడమూ వీరికి కష్టమే. అలిపిరి మెట్ల మీద పొద్దుగూకే వేళ వాడు ప్రతి మెట్టునూ కాలితో తడిమి ఎక్కినది అందుకే కాబోలు, మనం భయమని నవ్వాం.

ఈ వ్యాధి ఉన్న చాలామందికి కదిలే వస్తువు వెంట చూపు నున్నగా సాగక, ఆగి ఆగి గెంతుతుందట. దీన్ని డీఫెన్‌డార్ఫ్, డాడ్జ్ అనే ఇద్దరు 1908లోనే నమోదు చేశారు. 1970లలో హోల్జ్‌మన్ అనే పరిశోధకుడు దీన్ని మళ్ళీ పరిశీలించినప్పుడు, జబ్బు లేని రక్తసంబంధీకుల్లోనూ చాలామందిలో కనిపించింది. చిన్నప్పుడు ఒక్క క్యాచ్ కూడా పట్టలేని నేను ఇది చదివి కాసేపు ఊరుకుండిపోయాను. నువ్వు దీనికి బెంగపడకు; చూపు అలా గెంతినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ముఖాల సంగతి. మామూలుగా ఉన్న ముఖంలోనూ వాడికి కోపం కనిపిస్తుంది. పోయినసారి నువ్వు ప్రయాణపు అలసటతో ఊరికే చూస్తే, అక్క నన్ను అసహ్యించుకుంటోందని రాత్రంతా నిద్రపోలేదు.

మాత్రలతో మాటలు వినిపించడం తగ్గింది. ఈ తడబాటు మాత్రం అంతగా తగ్గకపోవచ్చని డాక్టరుగారు ముందే చెప్పారు. వణుకు తగ్గడానికి ఇచ్చే మాత్ర వల్ల దగ్గరి అక్షరాలు అలుక్కుపోవచ్చు కనుక, దాని మోతాదు గురించి వచ్చే నెల అడుగుతాను. ఈలోగా పాఠాలను పెద్ద అక్షరాలతో, పేజీకి కొన్ని వరుసలే వచ్చేలా నేనే రాసి ఇస్తున్నాను. నువ్వు వచ్చేటప్పుడు నల్ల స్కెచ్ పెన్నులు నాలుగు తీసుకురా.

శనివారం స్టేషనుకు వాడినీ తీసుకొస్తాను. రైలు దిగగానే జనంలోంచి చెయ్యి ఊపకు. దగ్గరికి వచ్చి, ముందు పేరుపెట్టి పిలువు.

మీ నాన్న