రాత్రంతా ఏసీ అన్నారు, గంటన్నర కూడా రావడం లేదు: కారవాన్ వైరింగ్‌పై ఫిర్యాదు

నల్లగొండ

సర్వీసు విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీరు తయారుచేసి ఇచ్చిన కారవాన్‌లో వైరింగ్, సోలార్, చార్జింగ్ లోపాలు సరిచేయడం గురించి.

అయ్యా,

స్వయం ఉపాధి కోసం మీ దగ్గర చేయించుకున్న కారవాన్‌లో (పడకలు, ఏసీ ఉన్న ప్రయాణాల బండిలో) ఏసీ వేస్తే ఇన్వర్టర్ కూత పెట్టి ఆగిపోతోంది. ఫోన్ చేసిన ప్రతిసారీ మీవాళ్లు "బ్యాటరీలు వీకయ్యాయి, మార్చుకోండి" అంటున్నారు. ఇంటి కరెంటుతో ఫుల్ చార్జ్ చేసి హైడ్రోమీటర్ పెడితే ప్రతి సెల్లులోనూ యాసిడ్ గ్రావిటీ 1240, అంటే ఫుల్ చార్జ్ గుర్తు, చూపిస్తోంది. బ్యాటరీలు బాగానే ఉన్నాయి. లోపమంతా వాటి చుట్టూ మీరు చేసిన పనిలో ఉంది. కొలతలతో సహా రాస్తున్నాం, ఈ ఉత్తరాన్ని వైరింగ్ చేసినవాళ్ల చేతికి ఇవ్వండి.

ముందుగా వైరు. బ్యాటరీల నుంచి ఇన్వర్టర్‌కు 4 మీటర్ల దూరం ఉంటే 16 స్క్వేర్ ఎంఎం వైరు లాగారు. ఒక టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు క్లాంప్ మీటర్ 110 ఆంపియర్లు చూపించింది. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12.0 వోల్టులు, ఇన్వర్టర్ దగ్గర 10.9. రానుపోను 8 మీటర్ల రాగి వైరులోనే దాదాపు ఒక వోల్టు పోతోంది, మిగతాది లగ్గుల్లో (వైరు చివర బిగించే లోహపు ముక్కల్లో). అంటే 120 వాట్లు ఊరికే వేడిగా మారుతున్నాయి. ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోయే వోల్టేజీ (కటాఫ్) 10.5. కంప్రెసర్ ఆగి మళ్లీ అందుకునేటప్పుడు లాగే కరెంటుకు వోల్టేజీ అంతకంటే కిందికి పడి, బ్యాటరీలో చార్జ్ ఉండగానే ఆగిపోతోంది. ప్లస్ లగ్గు తీసి చూస్తే అల్యూమినియం లగ్గును రాగి వైరుకు నొక్కి ఉంది. దాని మెడ దగ్గర ఎర్ర తొడుగు గోధుమ రంగుకు మారి, గోటితో గీకితే పొడి రాలుతోంది. ఆ వైరుకు ఫ్యూజే లేదు. పిల్లలు పడుకునే బెర్తు కింద నుంచి వెళ్లే వైరు అది! అక్కడ 70 స్క్వేర్ ఎంఎం వేస్తే నష్టం పావు వోల్టు లోపే ఉంటుంది. ఆ తర్వాతే బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపు 200 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. ఇప్పుడున్న సన్న వైరుకు ఆ ఫ్యూజు పెట్టి ఊరుకుంటే ఫ్యూజుకంటే ముందు వైరే కాలుతుంది.

సోలార్ విషయంలో జరిగింది ఇంకా అన్యాయం. పైన 330 వాట్ల ప్యానెళ్లు రెండున్నాయి. అవి 37 వోల్టుల దగ్గర పనిచేసేవి. ఆ కరెంటును బ్యాటరీకి అందించడానికి కింద పెట్టింది పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్. అది ప్యానెల్‌ను బ్యాటరీ వోల్టేజీకి లాగేస్తుంది కాబట్టి ఒక్కో ప్యానెల్ నుంచి 8.8 ఆంపియర్లు 13 వోల్టుల దగ్గర, అంటే 115 వాట్లకు మించి రావు. 660 వాట్లకు డబ్బు తీసుకుని 230 వాట్లు చేతికిచ్చారు. ప్యానెల్‌ను దాని సొంత వోల్టేజీ దగ్గరే నడిపించే 100 వోల్టుల, 50 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ ఉంటే, మా మే నెల ఎండకు ప్యానెళ్లు వేడెక్కి 15 శాతం తగ్గినా మధ్యాహ్నం 550 వాట్ల దాకా వస్తుంది.

బండి నడిచేటప్పుడు చార్జింగ్ కూడా అంతే. ఇంజన్ బ్యాటరీ నుంచి రిలే (రెండు వైపులనూ కలిపే స్విచ్చు) ఒకటి పెట్టి వదిలేశారు. వెనకున్న ట్యూబులర్ (యాసిడ్ రకం) బ్యాటరీకి 14.4 వోల్టులు కావాల్సి ఉండగా వెనక్కి చేరేది 13.3. నాగార్జునసాగర్ దాకా నడిపినా నిండదు. వోల్టేజీని కావాల్సినంత పెంచి ఇచ్చే 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెడితే గంటన్నరలో 45 ఆంపియర్ అవర్లు లోపలికి వెళ్తాయి.

ఇక మీ బ్రోచర్. "300 ఏహెచ్, రాత్రంతా ఏసీ" అని అచ్చువేశారు. 300 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) అంటే 20 గంటల మీద నెమ్మదిగా తీసుకుంటే వచ్చే లెక్క. ట్యూబులర్‌ను సగానికి మించి దించితే ఆయుష్షు తగ్గుతుంది కనుక వాడుకోదగ్గది 150. దాన్ని 110 ఆంపియర్లతో భాగించండి, గంటన్నర కూడా రాదు. ఏసీ జోలికి పోకుండానే రోజుకు ఫ్రిజ్‌కు 720 వాట్ అవర్లు, రెండు ఫ్యాన్లకు 500, లైట్లకు 150, నీళ్ల పంపుకు 30 కావాలి. ఫ్యాన్లు 230 వోల్టులవి పెట్టడంతో ఇన్వర్టర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి. అది ఊరికే తాగే 25 వాట్లు రోజంతా కలిపి 600. మొత్తం 2000. బ్యాటరీలో వాడుకోదగ్గ ఆ 150ని 12 వోల్టులతో గుణిస్తే చేతిలో ఉన్నది 1800. సోమశిల ఒడ్డున, ప్లగ్ పాయింట్ లేనిచోట, రెండో రాత్రికి కుటుంబాలు చీకట్లో ఉంటాయని ఈ లెక్క ముందే చెబుతోంది. ఇది బండి అమ్మకముందు మీరు వేయాల్సిన లెక్క.

బ్యాటరీ పెట్టెకు గాలి గొట్టం లేదు. చార్జింగ్‌లో వెలువడే హైడ్రోజన్ పడకగదిలోనే తిరుగుతుంది. డిస్టిల్డ్ వాటర్ చూడాలంటే ఎనిమిది స్క్రూలు విప్పి ప్లైవుడ్ ఎత్తాలి. ఎండాకాలంలో ఆ పని తరచూ చేయాల్సిందే. మూతకు కీళ్లు, పెట్టెకు బయటికి వెళ్లే పైపు పెట్టించండి.

పైన రాసిన పనులన్నీ, ఫ్యాన్లను ఇన్వర్టర్ అక్కర్లేని, తక్కువ కరెంటు తాగే 12 వోల్టుల బీఎల్‌డీసీ రకానికి మార్చడంతో సహా, మీ ఖర్చుతో 15 రోజుల్లో చేయించాలి. ఇవన్నీ చేసినా ఈ బ్యాటరీల మీద రాత్రంతా ఏసీ నడవదు, కాబట్టి ఆ హామీకి తీసుకున్న అదనపు డబ్బు తిరిగి ఇవ్వాలి. లేకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద నల్లగొండ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం. మీటర్ రీడింగుల ఫోటోలు, కాలిన లగ్గు, బ్రోచర్ భద్రంగా ఉన్నాయి.

మీ టెక్నీషియన్ వచ్చేటప్పుడు బ్యాటరీలు తేనక్కర్లేదు. 70 స్క్వేర్ రాగి కేబుల్ 9 మీటర్లు, దానికి రాగి లగ్గులు, వాటిని గట్టిగా నొక్కే హైడ్రాలిక్ క్రింపర్ తప్పక తెమ్మనండి. సుత్తితో కొట్టి బిగించే లగ్గులకు ఈసారి ఒప్పుకోం.

ఇట్లు,
బండి యజమానులు,
నల్లగొండ