నంబర్ చూపించుకుంటే సరిపోదు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

అద్దాల దుకాణంల నంబర్ చూపించుకున్న, ఏం మారలేదని ఫోన్ల చెప్పినవ్. మంచిదే. కానీ అది అద్దాలకు చేసే పరీక్ష, కంటికి కాదు. మీ అమ్మకున్న నీటికాసులు (గ్లాకోమా) ముందుగాల పక్కచూపును తింటయి. నడిమి చూపు శానా రోజులు అట్లనే ఉంటది గనక, గోడ మీది చివరి వరుస గడగడ చదివేటోళ్లకు గూడ కంటి నుంచి మెదడుకు పోయే నరం దెబ్బతిని ఉండొచ్చు. పోయిన నరం మళ్ల రాదు, మందైనా ఆపరేషనైనా మిగిలినదాన్ని కాపాడుడే. తల్లికి ఉంటె పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ. నీకు నలభై దగ్గరపడ్డయి.

అందుకని కంటి డాక్టర్ దగ్గర కూసోంగనే "మా అమ్మకు నీటికాసులు" అని చెప్పు. కంటి ప్రెషర్ చూస్తరు. 10 నుంచి 21 దాక మామూలే అంటరు గని, 16 ఉన్నా నరం దెబ్బతినేటోళ్లు ఉంటరు, ఆ అంకె చూసి సంబరపడకు. కంటిపాప పెద్దగయ్యే చుక్కలేసి వెనక నరం చూడాలె. అనుమానం వస్తె ఓసీటీ (కంటి వెనక పొరలను చూపే స్కాన్), ఫీల్డ్ టెస్ట్ రాస్తరు. ఫీల్డ్ టెస్ట్‌ల ఒక కన్ను మూసి, నడిమి దీపం మీదికెల్లి చూపు కదపకుండ, చుట్టూ వెలుగు కనవడ్డప్పుడల్లా బటన్ నొక్కాలె. మొదటిసారి శానామందికి తప్పులొస్తయి. మళ్ల చెయ్యమంటె విసుక్కోకు.

ఒకవేళ చుక్కల మందు రాస్తె, కింది రెప్ప గుంజి ఒక్క చుక్క వెయ్యి, చాలు. కన్ను మూసి ముక్కు పక్క మూలను రెండు నిమిషాలు ఒత్తి పట్టు. లేకుంటె మందు గొంతులకు, అటెన్క రక్తంలకు పోతది. ప్రెషర్ తగ్గించే టిమోలాల్ చుక్కలైతె గుండె నెమ్మదించొచ్చు, ఆస్తమా ఉన్నోళ్లకు మరీ ముప్పు. రెండో మందుకు అయిదు నిమిషాలు ఆగు. సీసా తెరిచినంక నెల దాటితె పారెయ్యి.

అల్లునికి షుగర్ తేలింది గదా, ఆయనకు రెటీనా (కంటి వెనక తెర) పరీక్ష ఇప్పుడే, తర్వాత ఏడాదికోసారి. చూపు మంచిగుందని ఆగొద్దు. లోపల సన్న నాళాలు కారుతున్నా నొప్పి ఉండదు.

పరకాలల తమ్మునికి గూడ చెప్పు. వరికోతలల్ల, పత్తి ఏరేటప్పుడు కంట్ల ఆకో పొట్టో తగిలితె మెడికల్ షాపుల ఎర్రదనం పోయే చుక్కలు అడగొద్దు. తగిలిన కాడ నల్లగుడ్డు మీద ఫంగస్ పుండు పడితె, వాటిల్ల స్టెరాయిడ్ ఉంటె అది ఇంకింత పెరుగుతది. ఎరుపు తగ్గినట్టు కనవడుడే పెద్ద మోసం. ఆకు పసరులు అసలే వద్దు. అదే రోజు కంటి దవాఖానకు పోవాలె, వరంగల్‌ల సర్కారు ప్రాంతీయ కంటి దవాఖాన ఉండనే ఉన్నది.

పరీక్షకు కంటిపాప పెద్దగయ్యే చుక్కలేసినంక నాలుగైదు గంటలు మసకగుంటది, స్కూటీ నడపొద్దు. నువ్వు, అల్లుడు ఒక్కరోజే పోకుర్రి, బండి నడిపేటోళ్లు ఉండరు. ప్రెషర్ అంకె, తేదీ రాసి పాత చీటీలతోని దాచిపెట్టు.

మీ బాపు