లద్దాఖ్ వెళ్లేవారు రాత్రి బస ఎత్తు చూసుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు ముదిరేసరికి మన నగరంలో లద్దాఖ్ యాత్రల ప్రకటనలు మొదలవుతాయి. మొన్న మా బొల్లారంలో ఒక కుర్రవాడు అలాంటి కరపత్రం తెచ్చి, వెళ్లవచ్చా అని అడిగాడు. ఖార్దుంగ్ లా, తంగ్‌లాంగ్ లా, బారాలాచా లా అంటూ కనుమల పేర్లు పెద్ద అక్షరాల్లో, పక్కనే వాటి ఎత్తు అడుగుల్లో ఉన్నాయి. ఏ రాత్రి ఎక్కడ పడుకోబెడతారో మాత్రం ఒక్క ముక్క లేదు. సైన్యంలో లారీ డ్రైవరుగా ఆ దారుల్లో ఏళ్ల తరబడి సరుకు చేరవేసినవాణ్ణి. ఆ కరపత్రం చూశాక ఊరుకోలేక రాస్తున్నాను.

హైదరాబాద్ సముద్ర మట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది. తంగ్‌లాంగ్ లా 5,328 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరంలో ఉండేదానిలో దాదాపు సగమే, కాబట్టి ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువూ అంతే. అయినా కనుమ మీద ఫొటో దిగి వెంటనే కిందికి దిగిపోయేవారికి చాలావరకు తలనొప్పితో పోతుంది. అసలు ప్రమాదం ఎత్తులో నిద్రపోవడంలో ఉంది. నిద్రలో శ్వాస మందగిస్తుంది. పలచటి గాలికి శరీరం సర్దుకోవడానికి రోజులు పడుతుంది. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని వైద్యులు చెబుతారు.

ఇప్పుడు లద్దాఖ్ ముఖ్య పట్టణం లేహ్‌కు వెళ్లే మనాలీ దారి చూడండి. మనాలీ సుమారు 2,000 మీటర్లు. ఒకప్పుడు రోహ్తాంగ్ కనుమ ఎక్కి దిగడానికే పూట గడిచిపోయేది, ఆ రాత్రికి కేలాంగ్‌లో ఆగక తప్పేది కాదు. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచారు, 46 కిలోమీటర్ల దూరం తగ్గింది. సొరంగానికి అవతలి లాహౌల్ లోయ ప్రజలకు అది నిజంగా వరం. చలికాలంలో రోగిని ఆసుపత్రికి చేర్చలేక వాళ్లు పడ్డ బాధ తక్కువది కాదు. కానీ యాత్రల వాళ్లు మిగిలిన సమయాన్ని విశ్రాంతికి ఇవ్వలేదు. పొద్దున మనాలీలో బయలుదేరదీసి, సాయంత్రానికి 4,290 మీటర్ల సర్చులో గుడారాల్లో దించుతున్నారు. ఒక్క పగటిలో రెండు వేల మీటర్లకు పైగా!

సర్చు సంగతి తెలిసినవాళ్లు అక్కడ రాత్రి ఉండరు. ఎత్తు వల్ల జబ్బు చేస్తే దానికి మొదటి మందు కిందికి దిగడం. సర్చు నుంచి దిగే దారే లేదు. వెనక్కి వెళ్లాలంటే 4,890 మీటర్ల బారాలాచా లా ఎక్కాలి. ముందుకు వెళ్తే 5,000 మీటర్లు దాటిన లాచులుంగ్ లా, ఆ తర్వాత తంగ్‌లాంగ్ లా. ఎటు చూసినా ఎక్కుడే.

అక్కడ ఒక ఉదయం మా కాన్వాయ్ బయలుదేరబోతుంటే తెలుగు మాటలు వినబడి దిగాను. కూకట్‌పల్లి పిల్లలు. అందులో ఒకడు బైకు మీద కూర్చుని తాళం చెవిని దాని రంధ్రంలో పెట్టలేకపోతున్నాడు. చెవి పక్కకు పక్కకు పోతోంది. "చలికి వేళ్లు కొంకర్లు పోయాయి అన్నా" అని నవ్వుతున్నాడు. దింపి, రోడ్డు అంచు వెంట అడుగు ముందు అడుగు వేసి నడవమన్నాను. నాలుగు అడుగులకే తూలాడు. అది చలి కాదు, మెదడుకు వాపు మొదలైన గుర్తు. ఆక్సిజన్ పెట్టి, మా వాళ్లు వెనక్కి బారాలాచా మీదుగా తీసుకువెళ్లారు. కనుమకు అవతల కిందనున్న దార్చా చేరేసరికి అడిగినదానికి జవాబు చెప్పగలిగాడు. స్నేహితులు రాత్రంతా అతను వాంతులు చేసుకుంటుంటే తిన్నది పడలేదనుకున్నారట.

తూలడం, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం తగ్గకపోవడం, నురగతో దగ్గు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా కిందికి దించాలి. దుకాణాల్లో అమ్మే చిన్న ఆక్సిజన్ డబ్బా కొద్ది నిమిషాలకే అయిపోతుంది, దాన్ని నమ్ముకుని పైకి వెళ్లవద్దు. ఎత్తు జబ్బు రాకుండా వాడే మాత్రలు కూడా ఇక్కడే వైద్యుణ్ణి అడిగి తీసుకోవాలి.

తొలిసారి వెళ్లేవారికి నేను శ్రీనగర్ దారే చెబుతాను. జోజి లా 3,528 మీటర్లే, దాటాక కార్గిల్‌లో సుమారు 2,700 మీటర్ల ఎత్తులో పడుకోవచ్చు. ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన ఫోటు లా 4,108 మీటర్లు, అదీ పగలే దాటి లేహ్‌కు దిగుతాం. హైదరాబాద్ సంస్థే తవ్వుతున్న జోజిలా సొరంగం పూర్తయితే ఈ దారి ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది. విమానంలో నేరుగా లేహ్‌లో దిగేవారు కనీసం రెండు రాత్రులు అక్కడే ఉండి, ఆ తర్వాతే ఖార్దుంగ్ లా వైపు చూడాలి. మూడో రోజుకే, లేహ్ కన్నా ఎత్తున ఉన్న పాంగాంగ్ సరస్సు ఒడ్డున బస పెట్టే యాత్రకు డబ్బు కట్టవద్దు.

మీ పత్రిక యాత్రల పేజీని మా ఇంట్లో అందరం చదువుతాం. లద్దాఖ్ గురించి రాసినప్పుడల్లా కనుమల ఎత్తులతో పాటు ప్రతి రాత్రి బస చేసే ఊరి ఎత్తునూ వేయండి. ప్రకటన ఇచ్చేవారినీ అది రాయమని అడగండి. ఈ జూన్‌లో బయలుదేరే పిల్లలు ఇప్పటికే టిక్కెట్లు కొనుక్కుని ఉంటారు, కాబట్టి వచ్చే ఆదివారమే వేయగలిగితే మంచిది.

– ఒక విశ్రాంత సైనిక డ్రైవరు, బొల్లారం, సికింద్రాబాద్