పాత పుస్తకాలు అమ్మేవాళ్లకు ఒక మాట

అందరికీ నమస్కారం. గ్రూపులో అమ్మకానికి పెట్టే పాత పుస్తకాలకు అట్ట ఫొటో ఒక్కటే సరిపోదండీ. ఎన్నో ముద్రణో, ఏ సంవత్సరమో ఉన్న పేజీ తప్పకుండా పెట్టండి. పురుగు తిన్న కన్నాలు, ఊడిన కుట్టు, చిరిగిన పేజీలు దాచకండి. మొన్న నాకొచ్చిన పుస్తకంలో చివరి పదహారు పేజీలు లేవు. చాలా బాధేసింది. దయచేసి పంపే ముందు పేజీలు లెక్కపెట్టండి.

చిరిగినచోట సెల్లోటేపు అసలు వేయకండి, కొన్నేళ్లకు దాని జిగురే కాగితాన్ని పసుపు మరకలతో పాడుచేస్తుంది. వానాకాలం కదా, ముందు ప్లాస్టిక్ కవరు, పైన గట్టి అట్టపెట్టె.

ఇంకొకటి, ముఖ్యమైనది. 75 ఏళ్లు దాటిన విలువైన తాళపత్రాలు, చేతిరాత ప్రతులు 1972 నాటి చట్టం కింద పురావస్తువులు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు అడిగినా వాటిని పంపకూడదు.