2025 వార్షిక నివేదిక: ఈ క్రిస్మస్‌కు వాక్యం మనవాళ్లే చెప్పారు

సభ్యులందరికీ ప్రభువైన యేసు క్రీస్తు నామంలో వందనాలు. సర్వసభ్య సమావేశం ముందు పెట్టాలి కాబట్టి కార్యదర్శిగా ఈ నివేదిక రాస్తున్నాను. ఈస్టర్ తెల్లవారుజాము ఆరాధన, వేసవిలో పిల్లల వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి), చర్చికి సున్నాలు వేయించడం మీ కళ్ల ముందే జరిగాయి, మళ్లీ చెప్పను. చెప్పాల్సింది క్రిస్మస్ సీజన్ గురించి.

ఇన్నాళ్లూ సెమీ క్రిస్మస్ (పండుగకు ముందు జరిపే కూటం) అంటే బయటి ప్రసంగీకుల్ని పిలవడం, కారు ఖర్చు, శాలువా, కానుక. వాళ్లు ఒకే సాయంత్రం మూడు ఊళ్లకు ఒప్పుకుని మన దగ్గరికి తొమ్మిదిన్నరకు వచ్చేవారు, అప్పటికి పిల్లలు కుర్చీల్లోనే నిద్రపోయేవారు. పోయినేడు ఒకాయన గంటన్నర మాట్లాడితే అందులో క్రీస్తు జననం గురించి పది నిమిషాలు కూడా లేదు. నాకు చాలా బాధేసింది. గుంటూరులో లూథరన్ మిషన్ 1842లో మొదలైంది, ఆ తర్వాత మన పల్లెలకు వాక్యం మోసుకొచ్చింది చాలామట్టుకు ఊరి ఉపదేశులే కదా, మరి మనకేమైంది అని ఆగస్టు కమిటీలో గట్టిగా అడిగాను. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు అడ్వెంట్ ఆదివారాలు, నవంబరు 30, డిసెంబరు 7, 14, 21, సాయంత్రం కూటాల్లో మన సంఘస్థులే మాట్లాడాలి, 20 నిమిషాలు మించకూడదు, యేసు జననం గురించి ఉన్న లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాలు దాటకూడదు అని తీర్మానం చేశాం.

పాస్టర్ గారు అక్టోబరు నుంచి ప్రతి శుక్రవారం రాత్రి చర్చి వరండాలో కూర్చోబెట్టి నేర్పారు. ముందు చదివించారు, నెమ్మదిగా, వేలు పెట్టి. బైబిల్లో ఉన్నదేంటి, నాటకాల్లో చూసి ఉందనుకున్నదేంటి విడదీయించారు. బాలయేసును చూడవచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి తన సువార్తలో ఎక్కడా రాయలేదు, మూడు రకాలన్నది కానుకలు: బంగారం, సాంబ్రాణి, బోళం. లూకాలో పశువుల తొట్టి ఉంది గానీ పశువుల పాక అనే మాట లేదు. ఇన్నేళ్లుగా పిల్లల చేత నాటకం వేయిస్తూ నేనూ గమనించలేదు.

పేర్లిచ్చింది పద్నాలుగు మంది, చివరిదాకా నిలబడింది ఆరుగురు. పత్తితీతలు, వరికోతలు ఉన్నాయని నాకూ తెలుసు, కానీ ఆ ఆరుగురూ ఆ పొలాల నుంచే కాళ్లు కడుక్కుని వచ్చారు. మిగతావాళ్లు రానని ఒక్క ఫోన్ చేసినా బాగుండేది.

రెండో ఆదివారం స్త్రీల సమాజం నుంచి, కూలికి వెళ్లే ఒక అక్క మరియ కీర్తన మీద, అంటే లూకాలో యేసు తల్లి పాడిన పాట మీద చెప్పింది. "ఆకలిగొనినవారిని మంచి పదార్థములతో సంతృప్తిపరచి" అన్నచోట ఆగి, ఇది పేదింటి పిల్ల నోటి నుంచి వచ్చిన మాట, మనం గబగబా చదివి దాటేస్తున్నాం అంది. పన్నెండు నిమిషాల్లో ముగించి కూర్చుంది.

డిసెంబరు 21 గురించి మాత్రం కొంచెం వివరంగా రాస్తాను, ఈ ఏడాది మొత్తంలో నాకు గర్వంగా ఉన్నది అదే. మన సభ్యుల్లో గొర్రెలు కాసే పెద్దాయన ఉన్నారు, ఆ వారం ఆయన మంద చెరువు అవతల కోసిన మళ్లో పెట్టి ఉంది. భుజాన గొంగళితో నేరుగా అక్కడి నుంచే వచ్చి, మైకు ముందు ఒక నిమిషం నోట మాట రాక నిలబడిపోయారు. చర్చిలో చప్పుడు లేదు. తర్వాత మొదలుపెట్టారు. రాత్రి మంద కాయడమంటే కన్ను మూయకపోవడం, కుక్కలొస్తే ఒక్క గడియలో పది గొర్రెలు పోతాయి, అవి ఒక్కోసారి మనవి కూడా కావు, యజమానికి లెక్క చెప్పాలి. బేత్లెహేము కాపరులు దూత మాట విని త్వరగా వెళ్లారని మనం సంతోషంగా చదువుతాం, మందను వదిలి వెళ్లడం ఎంత భయమో కాసేవాడికి తెలుస్తుంది, అంత భయంలోనూ వెళ్లారంటే వాళ్లు విన్న మాట ఎంత పెద్దదో చూడండి అన్నారు. నేను ముప్పై ఏళ్లుగా క్రిస్మస్ ప్రసంగాలు వింటున్నాను, ఆ మాట ఎవరూ చెప్పలేదు.

ఇక 24 రాత్రి. పది దాటాక బయట మైకు పెట్టకూడదని రూలుంది, పండుగలకు అర్ధరాత్రి దాకా అనుమతిచ్చే వీలూ అందులోనే ఉంది. నవంబరులోనే దరఖాస్తు ఇచ్చాం, ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం, రేపు రండి అనడమే తప్ప అవునని గానీ కాదని గానీ చెప్పలేదు. ఆ టెన్షన్‌లోనే సాయంత్రమైపోయింది. పదింటికి బయటి మైకులు ఆపేశాం, షామియానా కింద చలిలో కూర్చున్న ముసలివాళ్లకు పాస్టర్ గారి వర్తమానం వినపడలేదు. వాళ్లకు కమిటీ తరఫున క్షమాపణ చెబుతున్నాను.

లెక్కలు: చందాలు, కానుకలు ఖర్చుకు సరిపోయాయి, ప్రసంగీకుల ఖర్చు లేనందున ప్రేమవిందు మిగతా ఏడాదులకంటే బాగా పెట్టగలిగాం. మైకుసెట్ వాళ్లకు 1,800 రూపాయలు బాకీ. పుస్తకం ట్రెజరర్ గారి దగ్గరుంది, చూడొచ్చు.

పాస్టర్ గారికి, పాస్టరమ్మ గారికి, శుక్రవారాలు టీ కాచిన అక్కలకు, స్టార్ కట్టిన యూత్‌కు, బియ్యం ఇచ్చిన ఇళ్లకు, కరెంటు పోయినప్పుడు జనరేటర్ తెచ్చిన పక్కవీధి అన్నకు, పద్యాలు నేర్పిన సండే స్కూల్ టీచర్లకు నిండు వందనాలు. 2026లో అడ్వెంట్ నవంబరు 29న మొదలవుతుంది, వాక్యం చెప్పాలనుకునేవాళ్లు సెప్టెంబరులోపు నాకు పేరివ్వండి, ఇచ్చాక రండి.

ఇంకో ఇద్దరికి వందనాలు చెప్పాలి. 21 రాత్రి పెద్దాయన మాట్లాడుతుంటే ఆయన మందకు కావలి ఉన్నది మన యూత్ కుర్రాళ్లిద్దరు, వాళ్లు ఆ ప్రసంగం వినలేదు. వాళ్ల కోసం మళ్లీ చెప్పమని అడిగితే పెద్దాయన ఒప్పుకున్నారు. ఈ నెల ఆఖరి ఆదివారం సాయంత్రం ఆరింటికి, ఈసారి చెరువు అవతల మంద దగ్గరే.