ప్రకాశం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: ఆ ఆకు ముద్రలు రోడ్ల కింద పోకుండా చూడండి

కలెక్టర్ గారికి నమస్కారం.

నేను ఒంగోలు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు చెబుతాను. నిరుడు తొమ్మిదో తరగతి పిల్లాడొకడు అరచేతిలో పట్టేంత తెల్లటి రాయి తెచ్చి, "సార్, దీని మీద ఆకు బొమ్మ ఎవరు చెక్కారు?" అని అడిగాడు. వాళ్ల వీధి రోడ్డుకు పోసిన గ్రావెల్‌లో దొరికిందట. సాయంత్రం పరుగున వెళ్లాను గానీ, అప్పటికే రోలర్ తొక్కేసింది.

ఆ బొమ్మ ఎవరూ చెక్కలేదండీ. మామూలుగా రాలిన ఆకు కుళ్లిపోతుంది, లేదా చెదలు తినేస్తాయి. ఎప్పుడో ఒక ఆకు మాత్రం నీళ్ల అడుగున మెత్తటి ఒండ్రులో పడి, గాలి తగలకముందే దాని మీద ఇంకో పొర, ఆ పైన మరో పొర పడుతూ పోతే, బరువుకి ఒండ్రు గట్టిపడి రాయవుతుంది, ఆకు పల్చటి బొగ్గు పొరగానో ఉత్త ముద్రగానో మిగులుతుంది, దాన్నే శిలాజం అంటాం. అన్ని శిలాజాలూ ఇలాగే ఉండవు. గవ్వ కరిగిపోయి దాని ఖాళీ మిగిలితే అది అచ్చు, ఆ ఖాళీలో ఖనిజాలు నిండితే పోత. చెక్క రంధ్రాల్లోకి సిలికా చేరితే మానే రాయవుతుంది. అడుగుజాడలు, పురుగుల బొరియలు కూడా శిలాజాలే. ఒక్కోసారి అసలు వస్తువే మిగులుతుంది. మన జిల్లాలోనే సుమారు 41,000 ఏళ్ల నాటి ఉష్ట్రపక్షి గూడు, దాదాపు 3,500 గుడ్డు పెంకు ముక్కలతో బయటపడిందని 2024లో పేపర్లలో వచ్చింది, మీరూ చదివే ఉంటారు.

మన రాళ్లలో ఎక్కువ భాగం శిలాజాలు దాచగలిగేవి కావు. చీమకుర్తి గ్రానైట్ భూమి లోపల కరిగిన రాయి గడ్డకట్టి ఏర్పడింది, అందులో ఆకు నిలవదు. మార్కాపురం పలక రాయి వంద కోట్ల ఏళ్లకు పైబడినది, అప్పటికి ఆకులే లేవు. ఇక మిగిలింది ఒంగోలు చుట్టుపక్కల అక్కడక్కడా బయటపడే, ఇలాంటి ఆకు ముద్రలుండే మెత్తటి రాతి పొరలే. ఒంగోలు దగ్గరి వేమవరం ఆకు శిలాజాల గురించి ఒట్టోకార్ ఫైస్ట్‌మాంటెల్ అనే శాస్త్రవేత్త 1879లోనే బొమ్మలతో సహా అచ్చు వేయించారు. వాటి వయసు పది కోట్ల ఏళ్లకు పైమాటే. ఆకులతో పాటు అమ్మోనైట్లనే సముద్ర జీవులూ దొరికాయి, అంటే ఈ నేల మీదికి అప్పట్లో సముద్రం వచ్చింది! ఈ సంగతి మా పిల్లలకు తెలియదు. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన నాకూ కాలేజీకి వెళ్లేదాకా తెలియదు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

రోడ్లు వద్దనడం లేదు సార్. గ్రావెల్ తవ్వకానికి పర్మిషన్ ఇచ్చే ముందు ఆ పొరలు తెలిసిన భూగర్భ శాస్త్రవేత్త ఒకరు వెళ్లి చూసేలా ఆర్డర్ ఇవ్వండి. ముద్రలు బాగా ఉన్నచోట కొంత మేర తవ్వకుండా ఆపించండి, చుట్టూ కంచె వేస్తే చాలు. ఒంగోలులో ఒక గది చూపించండి, దొరికినవి అక్కడ పెడదాం, లేబుళ్లు మా టీచర్లమే రాస్తాం. ఈ అర్జీ కాగితం మీద రాసి ఒక ఆఫీసులో రెండుసార్లు ఇచ్చాను, జవాబు రాలేదు, అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

పిల్లాడి రాయి మా స్టాఫ్ రూమ్ బీరువాలో గుడ్డలో చుట్టి ఉంది. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు వాణ్ణీ వెంటబెట్టుకుని తీసుకొస్తాను.

ఇట్లు,
ఒక సైన్సు టీచరు