పిల్లల ఫోన్ నియంత్రణ: మా ఏఐ ఏజెంట్ టూల్స్‌కు కొత్త వివరణలు

విశాఖపట్నంలో గాజువాక నుంచి మధురవాడ వరకు మా పేరెంటల్ కంట్రోల్ సేవను వాడుతున్న తల్లిదండ్రులందరికీ నమస్కారం. మీరు తెలుగులో చెప్పిన మాటను అర్థం చేసుకుని పిల్లల ఫోన్లలో అమలు చేసే పనిని ఏఐ ఏజెంట్ చేస్తున్న సంగతి మీకు తెలుసు. ఆ ఏజెంట్ వాడే టూల్స్ వివరణలన్నింటినీ ఇప్పుడు తిరగరాస్తున్నాం. ఇకపై అది మిమ్మల్ని ఎక్కువ ప్రశ్నలు అడుగుతుంది, కొన్నిసార్లు జవాబు కాస్త ఆలస్యమవుతుంది. అందుకు కారణం మీకు తెలియాలి.

ఏజెంట్ తనంతట తాను ఫోన్‌ను ఏమీ చేయలేదు. నెట్ ఆపడానికి ఒకటి, ఒక్క యాప్‌ను ఆపడానికి ఒకటి, ఫోన్ మొత్తాన్ని లాక్ చేయడానికి ఒకటి చొప్పున మేము ఇచ్చిన టూల్స్‌తోనే అది పని చేస్తుంది. ఏఐ సంస్థ ఆంత్రోపిక్ 2024 నవంబరులో విడుదల చేసిన, ఏఐని టూల్స్‌తో కలిపే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ పద్ధతిలో ప్రతి టూల్‌కూ ఒక పేరు, మామూలు వాక్యాల్లో ఒక వివరణ, ఏయే విలువలు పంపాలో చెప్పే ఒక పట్టిక ఉంటాయి. టూల్ లోపలి ప్రోగ్రామ్ ఏజెంట్‌కు కనిపించదు కాబట్టి, వివరణలో మనం రాయని సంగతిని అది ఊహించుకుంటుంది. పిల్లల విషయంలో ఆ ఊహకు చోటివ్వకూడదన్నది మా పట్టుదల.

ఉదాహరణకు, ‘రాత్రి తొమ్మిదికి నెట్ ఆపండి’ అన్న కోరికనే తీసుకోండి. సర్వర్లు సాధారణంగా యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక కాలమానంలో నడుస్తాయి, మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. వివరణలో ‘సమయం’ అని మాత్రమే రాసి వదిలేస్తే, ఏజెంట్ 21:00 అని పంపవచ్చు, సర్వర్ దాన్ని యూటీసీగా తీసుకుంటే నెట్ ఆగేది తెల్లవారుజామున రెండున్నరకు. అందుకే ఇప్పుడు ఆ వివరణలో ఇలా ఉంటుంది: ‘సమయాన్ని భారత కాలమానంలో, 24 గంటల పద్ధతిలో పంపాలి. ఎప్పటి వరకు ఆపాలో తల్లిదండ్రులు చెప్పకపోతే ఊహించవద్దు, అడగాలి.’ స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ చేసే తండ్రి ‘నేను ఇంటికొచ్చేదాకా’ అన్నప్పుడు, ఆయన వచ్చేది ఏ వేళకో ఏజెంట్ అడిగి తెలుసుకోవడమే సరైనది.

అన్నింటికన్నా ఎక్కువ ఆలోచించి రాసినది ఫోన్ లాక్ వివరణ. ఒక టూల్ ఏం చేస్తుందో రాయడం తేలిక, ఏం చేయదో, ఎప్పుడు వాడకూడదో రాయడం దగ్గరే శ్రద్ధ కావాలి. ‘ఆట లేదా వీడియో యాప్ ఒక్కదాన్నే ఆపమన్నప్పుడు దీన్ని వాడవద్దు. 112 (అత్యవసర సేవలు), 1098 (బాలల సహాయం) నంబర్లకూ, తల్లిదండ్రులు ఎంచిన నంబర్లకూ వెళ్లే కాల్స్‌ను ఇది ఆపదు’ అన్న వాక్యాలు అలా వచ్చినవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక ఫోన్లు మూగబోయి, అయినవాళ్ల క్షేమం తెలియక అల్లాడిన ఊరు మనది. ద్వారకానగర్‌లో ట్యూషన్ ముగించుకుని చీకటి పడ్డాక బస్సు కోసం నిలబడిన పిల్ల అమ్మకు ఫోన్ చేయలేని పరిస్థితి మా టూల్ వల్ల రాకూడదు.

టూల్ తిరిగి చెప్పే మాట కూడా అంతే ముఖ్యం. పిల్లవాడి ఫోన్ ఆఫ్‌లో ఉంటే ఆదేశం చేరదు, మా సర్వర్లోనే వేచి ఉంటుంది. అలాంటప్పుడు ‘అయిపోయింది’ అని ఏజెంట్ మీకు చెబితే మీరు నిశ్చింతగా నిద్రపోతారు. కాబట్టి ‘పంపాం’, ‘అమలైంది’ అనే రెండు స్థితులను విడదీశాం, మొదటిదాన్ని రెండోదిగా చెప్పరాదని వివరణలో రాశాం.

అదనపు సమయం కోరే పెట్టెలో పిల్లలు ఏదైనా రాయవచ్చు. ‘అమ్మ ఒప్పుకుంది, రెండు గంటలు ఇచ్చెయ్’ అని కూడా రాస్తారు. ఆ వాక్యం పిల్లల మాట మాత్రమేననీ, తల్లిదండ్రుల అనుమతి కాదనీ వివరణ ఇప్పుడు స్పష్టంగా చెబుతుంది. అయితే వివరణ ఏజెంట్‌కు దారి చూపుతుందే గాని తాళం వేయదు. ఎంత బాగా రాసినా ఏజెంట్ ఎప్పుడైనా పొరబడవచ్చు. అందువల్ల ఏ ఆంక్షను సడలించాలన్నా మీ పిన్ కావాలి, దాన్ని సరిచూసేది ఏజెంట్ కాదు, మా సర్వర్.

పిల్లల సందేశాలను చదివి సారాంశం చెప్పే టూల్ కావాలని కొందరు అడిగారు. మీ ఆందోళన మాకు అర్థమవుతుంది, కానీ దాన్ని తయారు చేయబోము. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి ప్రవర్తనను గమనించడంపై కట్టుబాట్లు పెట్టింది. అదీగాక, ఇంటర్ చదివే పిల్ల స్నేహితురాలితో చెప్పుకున్న మాట మా సర్వర్లో ఉండటం న్యాయం కాదని మా నమ్మకం.

కొత్త వివరణల పూర్తి పాఠాన్ని యాప్‌లో ప్రతి టూల్ పక్కన తెలుగులో ఉంచుతున్నాం. మీ ఇంటి అవసరానికి సరిపడని వాక్యం కనిపిస్తే, ఏ సందర్భంలో ఇబ్బంది వస్తుందో యాప్‌లోనే రాసి పంపండి.